తలుపుకు అడ్డంగా పుస్తకాలు

నారాయణఖేడ్,
జులై 7.

చెల్లీ రోజా,

ఉత్తరం చూసి భయపడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంట్లో అందరి ఆరోగ్యాలూ బాగున్నాయి, మూతులే ముడుచుకుని ఉన్నాయి. అవి మూడేళ్ళ నుంచీ ఉన్నవే కదా.

మీ బావ నా చేత ఒట్టు వేయించుకున్నది ఫోను గురించి. "ఇగ ఆ బీదర్ల ఉన్నోళ్ళకు ఫోన్ జేస్తే నా మీద ఒట్టే" అన్నాడు. ఉత్తరాల సంగతి ఆయనకు తట్టలేదు. ఈ రోజుల్లో తోడికోడలికి ఉత్తరం రాసే మనిషి ఉంటుందని ఎవరికి తడుతుంది? అందుకే నువ్వు పనిచేసే దవాఖాన అడ్రసుకు పంపుతున్నాను. మరిది కంట పడకుండా దాచుకో.

ఇక విషయం. పోయిన నెల పెద్దవానకు మా వైపు స్లాబు కారింది. మా వాటాకు వచ్చిన మామయ్య పుస్తకాలు హాల్లో మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి కదా, రెండు పెట్టెలు తడిసి ముద్దయ్యాయి. మీ బావ బడికి సెలవు పెట్టి, ఒక్కో పుస్తకం విప్పి, పేజీల మధ్య న్యూస్‌పేపరు ముక్కలు పెట్టి ఫ్యాను కింద ఆరబెట్టాడు. పసిపిల్ల ఒళ్ళు తుడిచినట్టు తుడిచాడు. ఆ సాయంత్రమే చెప్పాడు: "హాల్ల ఈ కొస నుంచి ఆ కొస దాక అరలు చేపిస్త. కింద నుంచి స్లాబు దాక. నాయిన పుస్తకాలకు ఒక జాగ గావాలె."

నాకు సంతోషమే. ఎన్నాళ్ళని ఆ పెట్టెలు జరిపి ఊడ్చుకోను? కానీ ఏ గోడ అనుకున్నావు? ఒక గోడకు వీధి తలుపు, ఒకదానికి కిటికీలు, ఇంకోదానికి వంటింటి దారి. మిగిలింది మీకూ మాకూ మధ్య గోడ. ఆ గోడ నడుమ తలుపుంది. "మరి తలుపు?" అని అడిగాను. "మూడేండ్ల సంది ఎవడన్న తీసిండా?" అన్నాడు.

ఆ తలుపు ఎందుకు మూసుకుందో మనిద్దరికీ తెలుసు. మామయ్యను హైదరాబాద్ తీసుకుపోదామని మరిది, ఇంటికి తీసుకుపోదామని మీ బావ, దవాఖాన వరండాలో కొట్టుకున్నంత పనిచేశారు. మామయ్య ఇంటికొచ్చాక పోయాడు. "నువ్వే సంపినవ్" అని తమ్ముడు, "నీ మాట ఇంటే నాయిన తొవ్వలనే పోతుండె" అని అన్న. ఆ రెండు మాటలూ ఇంకా ఈ ఇంట్లోనే ఉన్నాయి, ఎవరూ ఊడ్చి పారేయలేదు.

పంపకాల రోజు నువ్వు పాపకు జ్వరమని లోపలే ఉన్నావు, చూడలేదు. పెద్దమనిషిగా వచ్చిన యాదయ్య పటేలు ఇల్లు పంచాడు, గిన్నెలు పంచాడు, ఆఖరుకు మామయ్య పుస్తకాలు కూడా కందులు పంచినట్టే పంచాడు. రెండు కుప్పలు పోయించి, కట్టెతో ఎత్తు కొలిచి, "గిది పెద్దోనిది, గిది చిన్నోనిది" అనేశాడు. మామయ్య మిషన్ బడిలో పాఠాలు చెప్పుకుంటూ నెలకొకటి చొప్పున కొనుక్కున్నవి అవి. మొదటి భాగం మాకొచ్చింది, రెండో భాగం మీకు పోయింది. నిఘంటువు ముందు సగం మాది, వెనక సగం మీది. అన్నదమ్ములిద్దరూ చదువుకున్నవాళ్ళే. కళ్ళ ముందే జరుగుతుంటే ఒక్కడు కూడా అవి జత అని నోరు తెరవలేదు. తెరిస్తే రెండోవాడు కాజేయడానికే అంటాడని. తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

ఆ తలుపు అరల వెనక్కు పోతున్న సంగతి నీకు ఊళ్ళోవాళ్ళ నోట తెలియకూడదని రాశాను. ఏమనుకుంటున్నావో రాయి.

గ్లోరీ అక్క


బీదర్,
జులై 19.

గ్లోరీ అక్కకు రోజ వందనాలు.

నీ ఉత్తరం డ్యూటీ దిగాక మందుల గదిలో నిలబడి చదివాను. పక్కనున్న సిస్టర్ లవ్ లెటరా అని ఆటపట్టించింది. మా తోడికోడలు రాసిందంటే నమ్మలేదు. తోడికోడళ్ళు శాపాలు పెట్టుకుంటారు గాని ఉత్తరాలు రాసుకుంటారా అంది.

మేం బాగున్నాం. ఈయన స్కూలు వ్యాను నడుపుతున్నాడు. పాప మూడో తరగతికి వచ్చింది. బడిలో కన్నడమే. తెలుగు అక్షరాలు చూపిస్తే, "ఇవి గూడ అవే గద, జర వేరేగ రాసిండ్రు" అంటుంది. తాత పుస్తకాలు చదువుతావా అంటే, తాతకు కన్నడం వచ్చా అని అడిగింది.

అరలు చేయించడం మంచిదే. మామయ్యకు ఆ కోరిక ఉండేది. తలుపు సంగతి నేనేం చెప్పగలను? మీ హాలు, మీ గోడ. కాకపోతే ఆ తలుపుకు రెండు వైపులున్నాయి. మీ వైపు గొళ్ళెం ఉంది, మా వైపు గడియ ఉంది. ఈ మాట బావకు చెప్పమని కాదు. ఊరికే రాశాను.

మా వాటా పుస్తకాలు గోనె సంచుల్లో ఆ తలుపుకు మా వైపు గదిలోనే ఉన్నాయి. ఒకసారి చూడమని నిన్ను అడుగుదామనుకున్నాను. తాళం మా దగ్గరే ఉందని తర్వాత గుర్తొచ్చింది.

ఇంకేం విశేషాలు లేవు. ఆరోగ్యం జాగ్రత్త.

రోజ


నారాయణఖేడ్,
ఆగస్టు 11.

రోజా,

"ఇంకేం విశేషాలు లేవు" అని రాశావు చూడు, ఆ విశేషం నాకు కూరగాయల అంగట్లో దొరికింది. మీ పక్కింటి సుగ్రా బీ వంకాయలు ఏరుకుంటూ, "మీ మరిది ఇల్లు అమ్ముతుండంట గద, మా పక్కకే యూరియా బస్తాలు దింపుతరా?" అంది. కల్హేర్ నుంచి ఎరువుల దుకాణమాయన వచ్చి మీ వాటా బయటి నుంచి చూసుకుని పోయాడట. గోదాముకు బాగుంటుందన్నాడట. ఊరందరికీ తెలుసు. పక్క గోడ మేము, మాకు తెలియదు.

నాకెందుకు చెప్పలేదు? నేను పరాయిదాన్నా? నీ పెళ్ళికి నీకు జడ వేసింది ఎవరు?

ఇక్కడ కార్పెంటర్ అంజద్ పని మొదలుపెట్టాడు. హాలంతా రంపపు పొట్టు. జొన్న రొట్టెలో పొట్టే, తాగే నీళ్ళలో పొట్టే. మీ బావ బడి నుంచి రాగానే టేపు పట్టుకుంటాడు. పిల్లలకు పద్యాలు చెప్పే మనిషి ఇప్పుడు ఇంచీలు చెబుతున్నాడు. మొన్న అంజద్ తలుపు దగ్గర ఆగి, "సార్, ఈడ ఏం జేద్దాం? తలుపు ఇడిసిపెట్టాల్నా?" అని అడిగాడు. "ఇడిసేది లేదు. దాని మీదికెళ్ళే పోనీ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ కోపమంతా రొట్టెల మీద చరిచాను. ఆ పూట రొట్టెలు బాగా వచ్చాయని మెచ్చుకున్నాడు కూడా.

అమ్మకం మాట ఆయనకు ఇంకా చెప్పలేదు. చెబితే ఆ తలుపుకు అరలు కాదు, ఇటుకలే కట్టిస్తాడు. ఎరువుల బస్తాలు వచ్చాక ఇక అది మన ఇల్లు కాదు రోజా. అన్నదమ్ములు కలుస్తారన్న మాట కూడా ఇక ఉండదు.

మరిది నిజంగా అమ్ముతున్నాడా? అవునో కాదో ఒక్క ముక్క రాయి.

గ్లోరీ


బీదర్,
ఆగస్టు 20.

అక్కా,

అవును. అమ్ముతున్నాడు.

నీ మొదటి ఉత్తరం దాచమన్నావు, దాచలేకపోయాను. బ్యాగులో టిఫిన్ డబ్బా తీయబోతే ఈయన చేతికి అదే వచ్చింది. చదివాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున లేచి, "అన్న తలుపు మూస్తుండంటె ఇగ నాకు ఆ ఊళ్ళె ఇల్లెందుకు" అన్నాడు. ఆ వారమే కల్హేర్ ఆయనకు ఫోన్ చేశాడు.

ఎందుకు చెప్పలేదని అడుగుతున్నావు. ఏమని చెప్పాలి? తలుపు మూసేదీ మీరే, మేం అమ్మకూడదనేదీ మీరేనా? మూడేళ్ళలో బావ ఒక్కసారైనా తమ్ముడు ఎట్లున్నాడని అడిగాడా? మొదటి యేడు ఈయనకు పని లేక నా జీతం మీదే ఇల్లు నడిచింది. ఈ సంగతి నీకు ఇప్పుడే చెబుతున్నాను, ఇన్నాళ్ళూ బాగున్నాం బాగున్నాం అనే అన్నాను. కోపంలోనే రాస్తున్నాను. చింపి మళ్ళీ మంచిగా రాయాలని కూడా లేదు.

నాకు అమ్మడం ఇష్టం లేదు. పాప ఆ గడప పట్టుకునే మొదటిసారి లేచి నిలబడింది. హాల్లోంచి నువ్వు చప్పట్లు కొడుతుంటే నా దగ్గర్నుంచి నీ దగ్గరికి నడిచింది. ఎరువుల బస్తాల మధ్య ఆ గడప ఉంటుందంటే నేను ఓర్చుకోలేను.

కల్హేర్ ఆయన వచ్చే నెల ఆఖరి ఆదివారం వచ్చి లోపల చూసుకుని మాట ఖాయం చేసుకుంటాడు. అక్కా, నాకు ఒక్క పని చెయ్యి. బావ మనసులో ఏముందో కనుక్కో. నిజంగానే మూసేస్తున్నాడంటే, మూసేస్తున్నాడని రాయి. ఏడ్చి ఊరుకుంటాను. ఉత్త ఆశలు మాత్రం పెట్టకు.

రోజ


నారాయణఖేడ్,
సెప్టెంబరు 12.

చెల్లీ,

నువ్వు తిట్టినందుకు నాకు సంతోషంగా ఉంది. ఇన్నేళ్ళకు నీకు నోరుందని తెలిసింది. మొదటి యేడు సంగతి చదివి మాత్రం చాలాసేపు పని చేసుకోలేకపోయాను. చెప్పుకోవడానికి నేను లేనా?

మీ బావ మనసు కనుక్కోమన్నావు. ఇంత కాపురం చేశాను, ఆయనకు ఏ కూర ఇష్టమో కూడా గిన్నె ఖాళీ అయిన తీరు చూసి తెలుసుకున్నదే. అడిగితే అన్నీ బాగున్నాయనే అంటాడు. అందుకని మనిషిని వదిలేసి పనిని చూశాను.

అరలు లేచాయి. ఈ కొస నుంచి ఆ కొస దాకా, తలుపు మీద కూడా, స్లాబు తాకేటట్టు. మా పుస్తకాలన్నీ పెట్టి చూస్తే సగం గోడ కూడా నిండలేదు. "గింత పెద్దగ ఎందుకు చేపిచ్చినవ్?" అంటే, "ముందుముందు కొంట" అన్నాడు. ఆయన పుస్తకం కొని ఎన్నేళ్ళయిందో నాకు తెలియదా? పైగా పెట్టే తీరు చూడు. మొదటి భాగం పెడతాడు, పక్కన ఖాళీ వదులుతాడు. నిఘంటువు ముందు సగం పెడతాడు, మళ్ళీ ఖాళీ. పళ్ళూడిన నోరులా ఉంది గోడ. దగ్గరగా జరుపుదామని నేను చెయ్యి పెడితే, "జరపకు, అట్లనే ఉండనీ" అని కసిరాడు.

అరలు నిలబెట్టక ముందు అంజద్ వాటికి వెనక పలకలు కొట్టాడు. గోడ పొడుగునా కొట్టి, తలుపు ఉన్న మేర మాత్రం వదిలేశాడు. మరిచిపోయాడేమో అని అడిగాను. "సార్ కొట్టొద్దన్నడక్కా. పలక లేకుంటె పుస్తకాలు అటు దిక్కు పడ్తయి సార్ అంటే, పడనీ అన్నడు" అన్నాడు. అప్పుడే తలుపుకు మా వైపు గొళ్ళెం కూడా ఊడదీయించాడట. నేను ఆ పూట చర్చికి పోయి ఉన్నాను.

నేరుగానే అడిగాను, పలక ఎందుకు లేదని. "గాలి ఆడాలె. గాలాడకుంటె చెద పట్టదా?" అన్నాడు, నా మొహం చూడకుండా. ఇక ఆగలేకపోయాను. మరిది అమ్ముతున్న సంగతి చెప్పేశాను. ఇటుకలు కట్టిస్తాడని భయపడ్డాను కదా, మంచం మీద కూర్చుండిపోయాడు. "ఎప్పుడొస్తుండు?" అన్నాడు. ఎరువులాయనా అని అడిగాను. "తిమోతి" అన్నాడు. తమ్ముడి పేరు ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో.

గాలి కోసమో తమ్ముడి కోసమో నేను ఒట్టు వేసి చెప్పలేను. ఉత్త ఆశ పెట్టొద్దన్నావు కాబట్టి చూసింది చూసినట్టు రాశాను. మా వైపు గొళ్ళెం లేదు, పలక లేదు. ఇప్పుడు ఆ తలుపును మూసి ఉంచింది మీ గడియ ఒక్కటే.

ఈ ఉత్తరం దాచకు. టిఫిన్ డబ్బా మీదే పెట్టు.

గ్లోరీ అక్క


బీదర్,
సెప్టెంబరు 21.

అక్కా,

డబ్బా మీద పెట్టలేదు. నేనే చదివి వినిపించాను.

గాలి అన్నచోట, "గాలి అంట, గాలి" అని నవ్వాడు. కోపం నవ్వే. తర్వాత, "పడనీ అన్నడా? నిజంగ అట్లనే అన్నడా?" అని రెండుసార్లు అడిగాడు. నా చేతిలోంచి కాగితం తీసుకుని తానే చూసుకున్నాడు.

వచ్చే ఆదివారం బండి మీద వస్తున్నాడు. కల్హేర్ ఆయన సాయంత్రం వస్తాడు. "ముందుగాల నాయిన పుస్తకాలు తీస్కొస్త. ఇల్లు సంగతి, ఆయనకు మాట ఇచ్చిన, ఎట్ల తప్పుత?" అంటున్నాడు. అది నిజంగా ఆయన మనసో కాదో నాకు తెలియడం లేదు. నాకు సెలవు దొరకలేదు.

ఇద్దరూ ఎదురుపడితే మళ్ళీ ఆ దవాఖాన వరండా అవుతుందేమోనని భయంగా ఉంది. ఎదురుపడకుండా చూడు. లేదులే, పడనీ. నాకేమీ తోచడం లేదు. ప్రార్థన చేసుకుంటున్నాను. ఏం జరిగినా వెంటనే రాయి.

రోజ


నారాయణఖేడ్,
సెప్టెంబరు 29.

రోజా,

ముందు ఆఖరి పేజీ చూస్తావని నాకు తెలుసు. చూడకు. వరసగా చదువు. ఫోను ఒట్టు మీ బావే తీసేశాడు గాని, ఇంత సంగతి ఫోనులో చెబితే మధ్యలో నువ్వు ఏడుస్తావు, నాకు చెప్పడం కుదరదు. మరిదిని కూడా బతిమాలాను, నా ఉత్తరం అందేదాకా నీకేమీ చెప్పొద్దని. ఆయన ఎట్లాగూ చెప్పే మనిషి కాదు.

నిన్న మేం ఆరాధన నుంచి వచ్చేసరికే మరిది బండి మీ వాకిట్లో ఉంది. మీ బావ చూశాడు, చూడనట్టు లోపలికి వచ్చాడు. అరల ఎదురుగా కుర్చీ వేసుకుని పేపరు పట్టుకున్నాడు. నేను వంటింట్లో పిండి కలుపుతూ చూస్తూనే ఉన్నాను, ఎంతసేపటికీ ఒక్క పేజీ తిప్పలేదు. గోడ అవతల చీపురు చప్పుడు. తర్వాత తుమ్ము. మరిది తుమ్మితే ఇల్లు అదురుతుంది కదా. ఆ తుమ్ము మళ్ళీ ఈ ఇంట్లో వినబడేసరికి నాకు ఏడుపొచ్చింది.

తర్వాత గడియ చప్పుడైంది. తుప్పు పట్టిందేమో, కీచుమంటూ వచ్చింది. తలుపు రెక్కలు అటువైపు తెరుచుకున్నాయి. నడిమి అరల్లోంచి మీ గది వెలుగు మా హాల్లో పడింది. మరిది మొహం కనబడలేదు, చొక్కా బొత్తాలు కనబడ్డాయి.

అరలోంచి ఒక చెయ్యి వచ్చింది. ఒక పుస్తకం పెట్టి వెనక్కు పోయింది. ఇంకొకటి పెట్టింది. మీ బావ కదలలేదు. మూడోది పెట్టగానే పేపరు కింద పడేసి లేచాడు.

"గదిగాదుర! వైద్యం పుస్తకం పై అర్లది. అదిగూడ తలకిందులు పెడ్తివి."

మూడేళ్ళ తర్వాత అన్న తమ్ముడితో మాట్లాడిన మొదటి మాట ఇదీ.

నా ప్రాణం పోయినంత పనైంది. అటు నుంచి వినబడింది: "ఇటు నుంచి నాకేం కనవడ్తదన్నా? నువ్వే సక్కగ పెట్టుకో."

ఆ "అన్నా" విని మీ బావ పుస్తకం పట్టుకుని అట్లే నిలబడిపోయాడు. దాన్ని పై అరలో సరిగ్గా పెట్టి, "ఇయ్యి మరి. ఒక్కొక్కటి ఇయ్యి" అన్నాడు.

ఇక మధ్యాహ్నమంతా అదే పని. మరిది అటు నుంచి పేరు చదివి అందించడం, మీ బావ ఇటు జత వెతికి పెట్టడం. ఒక సంచి అడుగున చెదలు పట్టాయి, నిఘంటువు చివరి పేజీలు పోయాయి. "చెద తిన్నది" అని మరిది అంటే, "గాలి లేదు గద" అన్నాడు మీ బావ. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఆగాక మరిది నెమ్మదిగా అడిగాడు: "నాయిన ఇంటికి తీస్కపొమ్మని నిన్ను అడిగిండా?"

"అడిగిండు."

"మరి నాతోని ఎందుకు జెప్పలె?"

"నువ్వు హైదరాబాద్ హైదరాబాద్ అని ఏడ్వబడ్తివి. ఆయన బతకడని నీతోని ఎట్ల జెప్పాలె?"

ఆ తర్వాత చాలాసేపు అటు నుంచి పుస్తకాలు రాలేదు. మీ బావ తొందరపెట్టలేదు, అరలో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. మొహాలు కనబడుతుంటే ఈ మాటలు అనుకునేవాళ్ళే కాదు.

రొట్టెలు కూడా నేను అరల్లోంచే అందించాను. వీధి తలుపున చుట్టి రమ్మంటే మరిదికి సిగ్గు, పిలవడానికి మీ బావకు సిగ్గు. చెంబుతో నీళ్ళు కూడా అట్లే ఇచ్చాను. పుస్తకాల మీద చుక్క పడిందని ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు.

సాయంత్రం ఎరువులాయన వచ్చాడు. గది నాలుగు దిక్కులా చూసి, "గిదేంది, ఈడ గోడ ఏది?" అన్నాడు. అరల సందుల్లోంచి మా హాలు, మీ బావ, నేను, అందరం ఆయనకు కనబడుతూనే ఉన్నాం.

"గదే గోడ" అన్నాడు మరిది.

"గివన్ని తీసేసి ఇటుకలు కట్టియ్యాలె మరి."

మరిది ఒకసారి అరల వైపు చూశాడు. "తీసేటట్టు లేదు సేటూ. రెండు దిక్కులకెళ్ళి పెట్టినం. మాట ఇచ్చిన, నిజమే. నన్ను మాఫ్ జెయ్యి, ఇల్లు అమ్మేది లేదు."

ఆయన సణుక్కుంటూ పోయాడు. మీ బావ కళ్ళద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయాడు. నేను మాత్రం రాత్రి రొట్టెలకు కలుపుతున్న పిండి చేతులతోనే ఏడ్చాను. ఎవరు చూస్తే నాకేం?

అరలు ఇప్పుడు నిండుగా ఉన్నాయి. పాపను తీసుకుని వచ్చే ఆదివారమే రా. తాత పుస్తకాల ముందు కూర్చోబెట్టి అక్షరాలు నేను దిద్దిస్తాను. వచ్చేటప్పుడు మాత్రం బుద్ధిగా వీధి తలుపున రా. పాపయితే నాలుగు పుస్తకాలు జరిపి ఆ అరల్లోంచి దూరుతుంది, నువ్వు పట్టవు.

నీ గ్లోరీ అక్క